ఈ ఫైలు ఎవరిది?

ఫోన్‌లో ఒక యాప్ తీసేస్తే నిజంగా అంతా పోతుందా?

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు అడగనివాళ్ళు ఉండరు. జాగా అయిపోయిందని ఫోను గోల పెడితే నాలుగు యాప్‌లు తీసేస్తాం. తెర మీద బొమ్మ మాయమవుతుంది. ఖాళీ అయిన జాగా మాత్రం అనుకున్నంత ఉండదు. లోపల ఎక్కడో ఏదో మిగిలిపోయిందని అనుమానం. కంప్యూటర్ వాడేవాళ్ళకైతే అది అనుమానం కాదు, అనుభవం. పాత ప్రింటరు ఇంట్లోంచి వెళ్ళిపోయి ఏళ్ళయినా దాని సాఫ్ట్‌వేర్ తాలూకు ఫోల్డరు ఎక్కడో ఓ మూల కూర్చునే ఉంటుంది.

ప్రశ్నని కాస్త తిరగేసి అడిగితే అసలు సంగతి దొరుకుతుంది. తీసెయ్యమని మనం ఒక్క మాట చెబుతాం. ఏయే ఫైళ్ళు తీసెయ్యాలో యంత్రానికి ఎవరు చెప్పారు? మామూలు లినక్స్ కంప్యూటర్‌లో లక్షల ఫైళ్ళుంటాయి. ఏది ఎవరితో వచ్చిందో, ఎవరు పోతే ఏది పోవాలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ చిట్టా రాసి ఉంచి, దాని ప్రకారం సాఫ్ట్‌వేర్‌ని పెట్టడం, తియ్యడం, మార్చడం చేసే ప్రోగ్రామునే ప్యాకేజీ మేనేజర్ అంటారు. అది చేసే పని మన కంట పడదు. అలాంటి పని విలువ తెలియాలంటే అది లేని చోటికి వెళ్ళి చూడాలి.

మూడు ఆజ్ఞలతో అయిపోయే పని

లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ అని ఒక పుస్తకం ఉంది. గెరార్డ్ బీక్‌మన్స్ అనే ఆయన 1999లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి కొత్త కూర్పులు తెస్తున్నారు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అందులో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. సోర్స్ కోడ్ నుంచి దాన్ని మీ చేతులతో మీరే ఎలా కట్టుకోవాలో ఉంటుంది. సుమారు ఎనభై ప్యాకేజీలు. కెర్నెల్, సీ లైబ్రరీ, కంపైలర్, షెల్, ఆఖరికి ఫైళ్ళ జాబితా చూపే 'ఎల్‌ఎస్' లాంటి చిన్న ఆజ్ఞ కూడా, ఒక్కొక్కటే.

ఏ ప్యాకేజీకి ఎంతసేపు పడుతుందో ఆ పుస్తకం నిమిషాల్లో చెప్పదు. ఒకరి యంత్రానికీ ఇంకొకరి యంత్రానికీ వేగంలో పోలిక ఉండదు కదా. అందుకని మొదట కట్టే బిన్‌యుటిల్స్ అనే ప్యాకేజీకి మీ యంత్రం మీద ఎంతసేపు పట్టిందో దాన్నే ఒక ఎస్‌బీయూ అనుకోమంటుంది. మిగతావన్నీ ఆ లెక్కలోనే చెబుతుంది. జీసీసీ అనే కంపైలర్ ఒక్కటే, పరీక్షలన్నీ నడిపితే, అలాంటివి పదుల కొద్దీ తింటుంది.

చాలా ప్యాకేజీలకి విధానం ఒకటే, మూడు ఆజ్ఞలు. 'కాన్ఫిగర్' మీ యంత్రంలో ఏముందో ఏం లేదో చూసుకుంటుంది. 'మేక్' సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మారుస్తుంది. 'మేక్ ఇన్‌స్టాల్' తయారైన ఫైళ్ళని వాటి వాటి చోట్లలో పెడుతుంది. మొదటి రెండూ ఆ ప్యాకేజీ సొంత ఫోల్డర్లోనే జరుగుతాయి. నచ్చకపోతే ఫోల్డరు చెరిపేస్తే సరి. మూడోదాన్ని మామూలుగా రూట్ అనే సర్వాధికారి హోదాలో నడుపుతారు. అది సిస్టమ్ అంతటా చెయ్యి పెడుతుంది.

ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీని తీసుకోండి. ఫైళ్ళని కుదించి చిన్నవి చెయ్యడం దాని పని. 'మేక్ ఇన్‌స్టాల్' అనగానే ఎక్స్‌జెడ్, అన్‌ఎక్స్‌జెడ్, ఎక్స్‌జెడ్‌క్యాట్ లాంటి ఆజ్ఞలు /యుఎస్‌ఆర్/బిన్ లోకి వెళ్తాయి. లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే లైబ్రరీ /యుఎస్‌ఆర్/లిబ్ లోకి. దాన్ని వాడుకునే ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కావలసిన హెడర్ ఫైళ్ళు /యుఎస్‌ఆర్/ఇంక్లూడ్ లోకి. వాడకం చెప్పే మాన్యువల్ పేజీలు మరో చోటికి. ఒక చిన్న ప్యాకేజీ నాలుగైదు చోట్ల సర్దుకుపోయింది. ఎనభై ప్యాకేజీలూ అయ్యేసరికి /యుఎస్‌ఆర్/బిన్ లో వందల ఆజ్ఞలు కలిసిపోయి ఉంటాయి, అన్నిటికీ యజమాని రూటే. ఏది ఏ ప్యాకేజీతో వచ్చిందో చూసి చెప్పడానికి ఏ గుర్తూ ఉండదు.

ఇలా చెల్లాచెదరు చెయ్యడం మతిలేని పని కాదు. పెళ్ళి జరిగే ఇంటిని చూడండి. వంటకి చాలవని వీధిలో పది ఇళ్ళ నుంచి గుండిగలు, గంగాళాలు, పళ్ళాలు, గరిటెలు తెస్తారు. వంటవాళ్ళు వాటిని ఇంటివారీగా పెట్టుకోరు. గుండిగలన్నీ పొయ్యి దగ్గర, గరిటెలన్నీ ఒక బుట్టలో, పళ్ళాలన్నీ వడ్డించే చోట. వాళ్ళ పనికి అదే సులువు. యూనిక్స్ సంప్రదాయమూ అంతే. ఆజ్ఞ కోసం షెల్ తనకి తెలిసిన కొన్ని చోట్లే వెతుకుతుంది, లైబ్రరీ కోసం లోడరూ అంతే. తెచ్చేటప్పుడూ వాడేటప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. పెళ్ళయిన మర్నాడు ఎవరి సామాను వాళ్ళకి పంపాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది గొడవ. అందుకే మనవాళ్ళు గిన్నె కొన్న రోజే దాని మీద ఇంటిపేరు చెక్కిస్తారు.

'మేక్ అన్‌ఇన్‌స్టాల్' అని ఒకటుందిగా అంటారు తెలిసినవాళ్ళు. కొన్ని ప్యాకేజీల్లో ఉంది, కొన్నిటిలో లేదు. ఉన్నచోట కూడా అది పనిచెయ్యాలంటే అప్పుడు కాన్ఫిగర్ చేసిన సోర్స్ ఫోల్డరు అలాగే ఉండాలి. కట్టడం అయిపోగానే జాగా కోసం అందరం ముందు చెరిపేసేది దాన్నే.

చిట్టా ఎక్కడ పెట్టాలి?

ప్రతి మెట్టూ దగ్గరుండి ఎక్కించే ఆ పుస్తకం ఈ ఒక్క విషయంలో మాత్రం చేతులెత్తేస్తుంది. ప్యాకేజీ మేనేజర్‌ని మేం ఇవ్వం అని ఒక పేజీలో కారణాలు రాసింది. సిస్టమ్ ఎలా కట్టబడుతుందో నేర్పడం మా ఉద్దేశం, ఇది దాన్ని పక్కకి లాగుతుంది అనేది ఒకటి. పద్ధతులు చాలా ఉన్నాయి, ప్రతిదానికీ లాభనష్టాలున్నాయి, అందరికీ నచ్చేది దొరకదు అనేది రెండోది. తరవాత ఆ పద్ధతులన్నీ క్లుప్తంగా చెప్పి వదిలేస్తుంది. నా దృష్టిలో అది సరైన పనే. చదివేవాడు ఈ సిస్టమ్‌ని వారం వాడి వదిలేస్తాడా, అయిదేళ్ళు వాడతాడా అన్నది పుస్తకానికి తెలియదు.

ఆ పద్ధతులన్నీ నిజానికి ఒకే ప్రశ్నకి జవాబులు: ఏది ఎవరిదన్న జ్ఞాపకాన్ని ఎక్కడ దాచాలి?

మొదటి జవాబు, మన బుర్రలోనే. ఇది ఎగతాళి కాదు, పుస్తకం దీన్ని కూడా ఒక పద్ధతిగానే లెక్కవేసింది. ఎనభై ప్యాకేజీలూ చేత్తో కట్టినవాడికి చాలావరకు గుర్తుంటుంది. పైగా కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా సిస్టమ్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి కట్టుకునేవాళ్ళకి తియ్యడం, మార్చడం అన్న సమస్యే రాదు.

రెండో జవాబు, ఫోల్డరు పేరులో. ఏ ప్యాకేజీ ఫైళ్ళు దాని సొంత ఫోల్డర్లో. తియ్యాలంటే ఫోల్డరు చెరిపేస్తే చాలు. బ్రెజిల్‌లో పుట్టిన గోబోలినక్స్ సిస్టమ్ మొత్తాన్నీ ఇలాగే అమర్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆజ్ఞలు ఎక్కడున్నాయో షెల్‌కి చెప్పే జాబితాలో ప్యాకేజీకొక చోటు చేరుతుంది. లైబ్రరీలకీ అంతే, మాన్యువల్ పేజీలకీ అంతే. నాలుగైదు ప్యాకేజీలకి బాగానే ఉంటుంది, ఎనభైకి మొయ్యలేం. అప్పుడు మూడో జవాబు వచ్చింది. అసలు ఫైలు సొంత ఫోల్డర్లోనే ఉంటుంది, అందరూ వెతికే చోట దాని దారి చూపే లింకు మాత్రం పెడతారు. 1990లలోనే వచ్చిన గ్నూ స్టో చేసే పని ఇదే. /యుఎస్‌ఆర్/లోకల్/బిన్ లో ఏ లింకుని చూసినా అది వేలు చూపించే దారిలోనే ప్యాకేజీ పేరుంటుంది. జ్ఞాపకాన్ని విడిగా రాయనక్కర్లేదు, లింకే జ్ఞాపకం.

ఇందులో ఒక మెలిక ఉంది. కట్టేటప్పుడు చాలా ప్రోగ్రాములు తమ చిరునామాని తమలోనే రాసేసుకుంటాయి. స్టో ఫోల్డరు చిరునామా ఇచ్చి కడితే ఆ చిరునామానే లోపల అచ్చయిపోతుంది. రేపు వెర్షన్ మారి ఫోల్డరు పేరు మారితే పాత చిరునామా పట్టుకుని వెతికి, దొరక్క ఆగిపోతుంది. అందుకని నువ్వుండేది /యుఎస్‌ఆర్/లోకల్ లో అని ప్రోగ్రాముతో అబద్ధమాడి, పెట్టేటప్పుడు మాత్రం వేరే చోట పెట్టాలి.

నాలుగోది కాలాన్ని నమ్ముకుంటుంది. ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక ఖాళీ ఫైలు పెట్టుకుని, అయ్యాక దానికంటే కొత్తగా ఉన్న ఫైళ్ళన్నీ వెతికి రాసుకోవడం. సులువుగా కనిపిస్తుంది గానీ నేనైతే నమ్మను. ఫైళ్ళని వాటి పాత తేదీతోనే పెట్టే ఇన్‌స్టాల్ స్క్రిప్టులున్నాయి, అవి లెక్కలోకి రావు. అదే సమయంలో పక్క విండోలో ఇంకో ప్యాకేజీ ఎక్కుతుంటే రెండిటి ఫైళ్ళూ కలిసిపోతాయి.

అయిదోది పక్కనే నిలబడి చూస్తూ రాసుకోవడం. ప్రోగ్రాములు ఫైలు తెరవాలన్నా, పేరు మార్చాలన్నా సీ లైబ్రరీ ద్వారానే వెళ్తాయి. ఆ దారిలో మన చిన్న లైబ్రరీ ఒకటి అడ్డంగా నిలబెడితే వచ్చేపోయేవన్నీ రాసుకుంటుంది. ఎల్‌డీ ప్రీలోడ్ అనే సదుపాయం ఇందుకు పనికొస్తుంది. లైబ్రరీని తనలోనే కలిపేసుకుని కట్టిన ప్రోగ్రాములు మాత్రం ఈ దారిన రావు, కాబట్టి దొరకవు.

గిన్నె మీద పేరు

ఆరో పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. ఇందులో ప్రతి ప్యాకేజీకీ కంప్యూటర్‌లో ఒక యూజర్ ఖాతా తెరుస్తారు. ఎక్స్‌జెడ్‌కి ఎక్స్‌జెడ్ అనే యూజర్, బ్యాష్‌కి బ్యాష్ అనే యూజర్. మనుషులెవరూ ఉండరు, ఖాతా మాత్రం ఉంటుంది. 'మేక్ ఇన్‌స్టాల్'ని రూట్‌గా కాక ఆ యూజర్‌గా నడుపుతారు. లినక్స్‌లో ప్రతి ఫైలుకీ యజమాని పేరు తప్పకుండా ఉంటుంది కాబట్టి, పెట్టిన ప్రతి ఫైలు మీదా ప్యాకేజీ పేరు దానంతటదే పడుతుంది. పెళ్ళింటి గిన్నె మీద చెక్కిన పేరు ఇదే. విడిగా చిట్టా అక్కర్లేదు. ఎక్స్‌జెడ్ యూజర్ ఫైళ్ళన్నీ చూపించమని 'ఫైండ్' ఆజ్ఞకి చెబితే చాలు.

ఉమ్మడి ఫోల్డర్లలో ఎవరైనా కొత్త ఫైలు పెట్టవచ్చు, ఒకరిది ఇంకొకరు చెరపకూడదు అన్న కట్టడి కూడా పెడతారు. యూనిక్స్‌లో ఇది పాత సదుపాయమే, స్టికీ బిట్ అంటారు. దీంతో ఇంకో లాభం వచ్చింది. రెండు ప్యాకేజీలు ఒకే పేరున్న ఫైలుని పెట్టబోతే రెండోదానికి అనుమతి దొరకదు, గొడవ అక్కడే బయటపడుతుంది.

ఇలాంటి గొడవలు ఉత్త ఊహలు కావు. నడుస్తున్న ప్రోగ్రాముని ఆపే 'కిల్' అనే ఆజ్ఞనే చూడండి. దాన్ని యుటిల్-లినక్స్ ఇస్తుంది, ప్రాక్‌ప్స్ ఇస్తుంది, కోర్‌యుటిల్స్ కూడా ఇవ్వగలదు. రూట్‌గా నడిపితే చివర ఎక్కినది ముందున్నదాన్ని చప్పుడు లేకుండా తుడిచేస్తుంది. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం ఇక్కడ పెద్దమనిషి తీర్పు చెప్పింది: 'కిల్' యుటిల్-లినక్స్‌దే, మిగతా రెండిటినీ కట్టేటప్పుడు ఆ ముక్క ఆపెయ్యండి అని. 'గ్రూప్స్' అనే ఆజ్ఞ కోసం షాడో, కోర్‌యుటిల్స్ కొట్టుకుంటే కోర్‌యుటిల్స్ వైపు చెప్పింది. ఈ తీర్పులు పుస్తకంలో ఒక్కో లైనుగా ఉంటాయి. తొందరలో చదివేవాళ్ళకి అవి ఎందుకున్నాయో కూడా తట్టదు.

ఈ పద్ధతికీ చిక్కులున్నాయి. పాస్‌వర్డు మార్చే ప్రోగ్రాము లాంటివి రూట్ పేరు మీద ఉంటేనే పనిచేస్తాయి. మామూలు యూజర్ తన ఫైలుని రూట్‌కి రాసివ్వలేడు కాబట్టి వాటిని ఏరి చేత్తో సరిచెయ్యాలి. ఓపిక ఉన్నవాళ్ళ పద్ధతి ఇది. అయినా ఈ ఆలోచన కొత్తగా ఏమీ అనిపించదు మీకు ఒక సంగతి చెబితే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జరిగేది సరిగ్గా ఇదే. లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రతి యాప్‌కీ ఒక విడి యూజర్ నంబరు, దానికో సొంత ఫోల్డరు ఇస్తుంది. యాప్ తీసేస్తే ఆ ఫోల్డరు పోతుంది. యాప్ బయటికి తెచ్చి అందరూ చూసే డౌన్‌లోడ్స్‌లోనో ఫొటోల్లోనో పెట్టినవి మాత్రం ఉండిపోవచ్చు. ముందు అడిగిన ప్రశ్నకి జవాబు అది.

ఏడో పద్ధతే ప్రపంచమంతా వాడుతున్నది. నిజమైన చోట పెట్టకుండా, ముందు ఒక ఉత్తుత్తి సిస్టమ్‌లో పెట్టించడం. 'మేక్ ఇన్‌స్టాల్'కి డెస్ట్‌డిర్ అనే మాట తగిలించి ఒక ఖాళీ ఫోల్డరు చూపిస్తే, అదే సిస్టమ్ అనుకుని యుఎస్‌ఆర్, బిన్, లిబ్ అన్నీ అందులో సృష్టించి సర్దుతుంది. వేరే ఏ ప్యాకేజీ ఫైలూ అందులో ఉండదు. ఇప్పుడు జాబితా తీసుకుని, మొత్తం మూటకట్టి, అసలు సిస్టమ్ మీద విప్పితే సరి. ప్యాకేజీ అంటే ఈ మూటా, దాని జాబితానే. 1993లో ప్యాట్రిక్ వోల్కర్‌డింగ్ మొదలుపెట్టిన స్లాక్‌వేర్ అనే లినక్స్ పంపిణీ ఇంచుమించు ఇంతటితో సరిపెట్టుకుంది. మూట విప్పుతుంది, ఫైళ్ళ జాబితాని మామూలు టెక్స్ట్ ఫైలుగా దాస్తుంది. ఆ సాదాతనాన్ని ఇప్పటికీ వదల్లేదు. డెబియన్ వాళ్ళ డీపీకేజీ, రెడ్‌హ్యాట్ 1995లో తెచ్చిన ఆర్‌పీఎం, ఆర్చ్ వాళ్ళ ప్యాక్‌మ్యాన్ అన్నిటి లోపలా ఉన్న ఎముక ఇదే.

ఎముక తేలిక, మాంసం బరువు. మీరు చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైలు ఉందనుకోండి. కొత్త మూటలో దాని కొత్త ప్రతి వచ్చింది. పైన విప్పేస్తే మీ దిద్దుబాట్లు పోతాయి. వదిలేస్తే కొత్త ప్రోగ్రాము పాత సెట్టింగులతో తికమకపడుతుంది. డీపీకేజీ ఆగి మిమ్మల్నే అడుగుతుంది. ప్యాక్‌మ్యాన్ కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన పెట్టి పోతుంది. చేత్తో కట్టుకునేవాడు ఇలాంటివన్నీ తన స్క్రిప్టులో తానే ఊహించి రాసుకోవాలి.

ఎవరి మీద ఎవరు ఆనుకున్నారు

ఏది ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టు. రెండో సగం, దీన్ని తీస్తే ఎవరు పడిపోతారు?

లినక్స్‌లో ప్రోగ్రాములు చాలా పనులకి ఉమ్మడి లైబ్రరీల మీద ఆనుకుంటాయి. గుప్తలిపి కావాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, కుదింపు కావాలంటే జెడ్‌లిబ్. ప్రతి ప్రోగ్రాములోనూ తనకి కావలసిన లైబ్రరీ పేరు రాసి ఉంటుంది. ఆ పేరుకి ఎస్‌ఓనేమ్ అని పేరు. 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3' లాంటిది. చివర ఉన్న అంకె ఒక మాట ఇస్తుంది: ఇది మారనంతకాలం లోపల ఏం దిద్దుకున్నా నిన్ను ఇబ్బంది పెట్టను అని. అంకె అదే ఉంటే లైబ్రరీని మార్చి ఊరుకోవచ్చు. అంకె మారిందా, దాని మీద ఆనుకున్న ప్రతి ప్రోగ్రామునీ మళ్ళీ కట్టాలి.

2021 సెప్టెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వచ్చినప్పుడు అదే జరిగింది. అంతవరకు 1.1 అని ఉన్న అంకె 3 అయింది. సొంతంగా కట్టుకున్న సిస్టమ్‌లో కొత్తది పెట్టి, శుభ్రంగా ఉండాలని పాత లైబ్రరీని వెంటనే చెరిపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. దాని మీద ఆనుకున్న ప్రతి ప్రోగ్రామూ లైబ్రరీ దొరకలేదన్న ఒకే వాక్యం చెప్పి ఆగిపోతుంది. వాటిని మళ్ళీ కట్టడానికి సోర్స్ దింపుకోవాలి. దింపే ప్రోగ్రాము కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కట్టినదైతే అదీ ఆగిపోయి ఉంటుంది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి, అందరినీ ఒక్కొక్కరినీ ఇటు మార్చి, ఆఖర్న పాతదాన్ని తియ్యాలి. ఎవరెవరు ఆనుకున్నారో ఆ జాబితా లేకపోతే ఆ 'ఆఖరు' ఎప్పుడో తెలియదు.

పెట్టే పద్ధతిలో కూడా ఒక సూక్ష్మం ఉంది. లినక్స్‌లో ఫైలు పేరు వేరు, లోపలి సరుకు వేరు. నడుస్తున్న ప్రోగ్రాము పట్టుకునేది సరుకుని, పేరుని కాదు. 'ఇన్‌స్టాల్' ఆజ్ఞ పాత పేరుని తీసేసి కొత్త సరుకుకి ఆ పేరు పెడుతుంది. నడుస్తున్నవి పాత సరుకుతోనే నడుస్తుంటాయి, కొత్తగా మొదలైనవి కొత్తది తీసుకుంటాయి. అదే పని 'సీపీ' ఆజ్ఞతో చేస్తే ఉన్న సరుకు మీదే కొత్తది రాసేస్తుంది. దాన్ని పట్టుకుని నడుస్తున్నవి నడుస్తూ నడుస్తూ కూలిపోతాయి. అన్నిటికీ ఆధారమైన సీ లైబ్రరీ విషయంలో అలా చేస్తే, కూలినదాన్ని లేపే ఆజ్ఞ కూడా మిగలకపోవచ్చు.

ఉమ్మడిగా వాడాల్సిన లైబ్రరీని ఎవరికి వారు తమలో కలిపేసుకుంటే ఈ గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. దాని ఖరీదు 2002 మార్చిలో తెలిసింది. జెడ్‌లిబ్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. సరిచేసిన 1.1.4 వెంటనే వచ్చింది. ఉమ్మడి ప్రతి వాడేవాళ్ళకి ఒక్క ఫైలు మార్చడంతో అయిపోయింది. తమ కడుపులో సొంత ప్రతి దాచుకున్న ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వాటిని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

'స్త్రీ' అని రాయాలంటే

ఆధారాలన్నీ ఒక వరసలో ఉంటే బాగుండేది. కొన్ని చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే వస్తాయి. సీ లైబ్రరీ కట్టాలంటే కంపైలర్ కావాలి, పూర్తి కంపైలర్ కట్టాలంటే సీ లైబ్రరీ కావాలి. పుస్తకం జీసీసీని ఒకటికి రెండుసార్లు కాదు, మూడుసార్లు కట్టిస్తుంది. మొదటిసారి అరకొరగా, చివరిసారి నిండుగా.

మనకి దగ్గరది ఇంకోటుంది. 'స్త్రీ' అనే అక్షరాన్ని కంప్యూటర్ ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. అక్షరాల గీతల్ని తెర మీద గీసేది ఫ్రీటైప్ అనే లైబ్రరీ. ఏ ముక్క వత్తుగా కిందికి దిగాలి, గుడి ఎక్కడ ఎక్కాలి అని తేల్చేది హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రాఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ తెలుగు చూపించడానికి దాని మీదే ఆనుకుంటాయి. అది లేకుండా కట్టిన సిస్టమ్‌లో తెలుగు ముక్కలు ముక్కలుగా, పొల్లులు బయటికి పొడుచుకుని కనిపిస్తుంది.

చిక్కేమిటంటే హార్ఫ్‌బజ్‌కి ఫ్రీటైప్ కావాలి, ఫ్రీటైప్‌కి అక్షరాల్ని మరింత నిగ్గుగా చూపడానికి హార్ఫ్‌బజ్ కావాలి. చేత్తో కట్టేవాళ్ళు చాలాకాలం చేసిన పని, ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ని కట్టడం, దానితో హార్ఫ్‌బజ్‌ని కట్టడం, మళ్ళీ వెనక్కొచ్చి ఫ్రీటైప్‌ని రెండోసారి కట్టడం. తన సిస్టమ్‌లో తెలుగు చదువుకోవాలనుకున్న ఎవరైనా ఈ ప్రదక్షిణ చేసినవారే.

ఇలా ఆధారాలు వేలల్లో ఉండి, ప్రతిదానికీ ఫలానా వెర్షన్ కంటే కొత్తదే కావాలి, ఫలానాది పక్కన ఉండకూడదు అన్న షరతులుంటే? డెబియన్‌లో ఏపీటీ అనే ప్రోగ్రాము 1998 నుంచి ఆ లెక్క చూస్తోంది. సీ-డాక్ తయారుచేసిన మన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీదే కట్టింది కనుక అందులోనూ అదే. ఆ లెక్క ఎంత కష్టమో 2005, 2006 ప్రాంతంలో ఐరోపా పరిశోధకులు ఎడోస్ అనే ప్రాజెక్టులో తేల్చారు. ఫలానా ప్యాకేజీని ఈ షరతులన్నీ కుదిరేలా పెట్టగలమా అన్న ప్రశ్న, ఏ సందర్భంలోనైనా వేగంగా తేల్చగలిగే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకని లెక్కల జాతికి చెందినదని చూపించారు. ఆచరణలో మాత్రం ప్యాకేజీల చిక్కులు అంత దారుణంగా ఉండవు. 2008లో ఓపెన్‌సూసే ఆ జాతి లెక్కల కోసమే పుట్టిన పద్ధతిని తన ప్యాకేజీ మేనేజర్లో పెట్టింది, జవాబులు చకచకా వచ్చాయి.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఎల్కో డోల్‌స్ట్రా 2006లో తన పరిశోధన గ్రంథంలో మరో దారి చెప్పాడు. దాని పేరు నిక్స్. ప్రతి ప్యాకేజీనీ ఒక విడి ఫోల్డర్లో పెట్టి, దాన్ని కట్టడానికి వాడిన సోర్సు, కంపైలర్, లైబ్రరీలు, ఆజ్ఞలు అన్నిటినీ కలిపి లెక్కకట్టిన ఒక పొడుగాటి గుర్తుని ఆ ఫోల్డరు పేరులోనే పెడతాడు. వాటిలో ఏ ఒక్కటి మారినా పేరు మారుతుంది. కాబట్టి పాతదీ కొత్తదీ ఒకదాన్నొకటి తుడుచుకోలేవు, రెండూ పక్కపక్కనే ఉంటాయి, నచ్చకపోతే పాతదానికి వెళ్ళిపోవచ్చు. చిట్టాని ఫోల్డరు పేరులో పెట్టడం అన్న రెండో జవాబునే అతను చివరంటా తీసుకుపోయాడు. బదులుగా డిస్కు బాగా ఖర్చవుతుంది, అడుగున ఉన్న లైబ్రరీ కాస్త కదిలితే పైనున్నవన్నీ మళ్ళీ కట్టాలి.

2024 మార్చి 29

ఆ రోజు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక సంగతి బయటపెట్టాడు. తన డెబియన్ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అవుతుంటే అర సెకను ఆలస్యమవుతోంది. ఎందుకని తవ్వితే ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారు. మారుపేరుతో వచ్చి, రెండేళ్ళకి పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే హక్కు కూడా పొందిన వ్యక్తి ఖాతా నుంచే అది వచ్చింది.

విషపు ముక్కలు పరీక్షల కోసం పెట్టిన పాడైన ఫైళ్ళ రూపంలో అందరి కళ్ళెదుటే ఉన్నాయి. వాటిని లేపే స్క్రిప్టు మాత్రం అందరూ చదివే గిట్ భాండారంలో లేదు, విడుదల చేసిన మూటలోనే ఉంది. ఆ స్క్రిప్టు లేచే ముందు ఒకటి చూసుకునేది: ఇప్పుడు నన్ను కడుతున్నది డెబియన్ ప్యాకేజీ కోసమా, ఆర్‌పీఎం కోసమా? రెండూ కాకపోతే కదలకుండా పడుకునేది. ఇంట్లో కూర్చుని మూడు ఆజ్ఞలతో కట్టుకునేవాడు దాని వేటలోనే లేడు.

అయినా ఆ రోజు అందరికీ ముందు కావలసింది ఒకటే, నా దగ్గరున్నది ఏ వెర్షన్? ఎక్స్‌జెడ్‌నే అడగవచ్చు గానీ అనుమానమున్నదాన్నే నడిపి సాక్ష్యం అడగడం తెలివైన పని కాదు. డెబియన్ వాళ్ళు డీపీకేజీ చిట్టా చూశారు. చిట్టా లేనివాడు కూడా /యుఎస్‌ఆర్/లిబ్ లో ఒక్కసారి చూస్తే చాలు, అసలు లైబ్రరీ ఫైలు పేరు చివరే 5.6.1 అనో 5.4.6 అనో ఉంటుంది. వెనక్కి వెళ్ళడమూ కష్టం కాదు. రెండిటికీ ఎస్‌ఓనేమ్ చివర ఉన్నది 5 ఒక్కటే. పాత 5.4 సోర్సు దింపి, కట్టి, పైన పెడితే సరి, మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు.

డెబియన్‌కి మాత్రం అంత తేలిక కాలేదు. దాని ప్యాకేజీ మేనేజర్ లెక్కలో పెద్ద అంకె అంటే కొత్తది. అప్పటికే 5.6.1 ఎక్కిన యంత్రాలకి 5.4.5 ఇస్తే, ఇది పాతది, నాకొద్దు అంటుంది. అందుకని లోపల పాత 5.4.5 పెట్టి, వెర్షన్ అని ఉన్నచోట '5.6.1+రియల్లీ5.4.5' అని రాసి పంపారు.